మారేడుమిల్లికి వాచ్‌టవర్ కాదు, నీటి గీత కావాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. కార్తీక మాసం వచ్చిందంటే శని, ఆదివారాల్లో మారేడుమిల్లి రోడ్డు మీద బండి కదలదు. సంక్రాంతి సెలవులు అయిపోగానే అదే రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్మేవాళ్లు బేరం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఏడాదంతా జనం రావాలంటే ఏం చేయాలని ఎవరిని అడిగినా చెప్పే మందు ఒకటే: ఇంకో వాచ్‌టవర్, ఇంకో వ్యూపాయింట్, కుదిరితే ఊరి పేరుకు ముందు ‘ఐ లవ్’ అని తగిలించిన సిమెంటు అక్షరాలు. ఇవి డిసెంబరు రద్దీని ఇంకాస్త పెంచుతాయేమో గానీ జులైలో ఒక్క మనిషిని కూడా రప్పించవు.

రాజమహేంద్రవరానికి సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి వానాకాలంలో వాగులు ప్రమాదం, వరదల్లో గోదావరి మీద పడవలు బంద్, ఎండాకాలంలో అడవికి నిప్పు భయం. ఈ మూడింటికీ ఇప్పుడు చాలావరకు జరుగుతున్నది ఒకటే: ఏమీ కానంతవరకు అన్నీ తెరిచి ఉంచడం, ఏదైనా జరిగిన మర్నాడు అన్నీ మూసేయడం. మూసినప్పుడు ఒక గొలుసు కడతారు. జనం ఆ గొలుసు పక్కనుంచి దిగిపోతారు. ఏడాది పొడవునా నడపాలంటే ఏ నెలలో ఏ పని చేయవచ్చో, దాన్ని ఏ గీత దగ్గర ఆపాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ గీతలు ఎలా గీయాలో కొంచెం వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు జలపాతాలు. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి ముగ్గురు చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కొండవాగుతో చిక్కేమిటంటే, మనం నిలబడ్డ చోట చినుకు పడనక్కర్లేదు. పైన గుట్టల్లో కురిస్తే చాలు. కింద ఎండ కాస్తూనే ఉంటుంది, వరద వచ్చేస్తుంది. రాకముందు వాగు కొన్ని గుర్తులు ఇస్తుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబడుతుంది, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి, గలగల శబ్దం పోయి లోతైన హోరు మొదలవుతుంది, ఇందాక పొడిగా ఉన్న రాయి తడుస్తుంది. ఇవి తెలిసినవాళ్లు వెంటనే గట్టెక్కుతారు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ‘నీళ్లు పెరిగాయి, ఇంకా బాగుంది’ అని ఫోన్ తీస్తారు.

దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మే నెలలో నీళ్లు అడుగంటినప్పుడు ఉన్న మట్టాన్ని సున్నాగా తీసుకుని, అక్కడి బండకు 10 సెంటీమీటర్లకొక గీత చొప్పున పైకి గీసుకుంటూ పోవాలి. అందరూ స్నానం చేసే మడుగులో పారే నీరు మోకాలు దాటే మట్టం ఏ గీత దగ్గర వస్తుందో చూసి అక్కడ ఎర్రగీత పెట్టాలి. మోకాలు దాటిన పరుగు నీటిలో దిట్టమైన మనిషి కూడా నిలదొక్కుకోలేడు. నీటి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది మరి. ఎర్రగీతకు రెండు గీతల కింద పసుపు. నీరు పసుపు తాకితే ఎవరూ నీళ్లలో ఉండకూడదు, చూడటం మాత్రం గట్టు మీద నుంచి చూడొచ్చు. ఎరుపు తాకితే మెట్లు కూడా దిగనివ్వకూడదు. గీతతో సంబంధం లేకుండా ఇంకో నియమం: పావుగంటలో ఒక్క గీత పెరిగినా అందరూ బయటికే.

గీతలు గీయడంలో తప్పులు జరిగేదీ ఇక్కడే. బండ చాటున సుడి తిరిగే చోట రాస్తే నీరు ఎగిరెగిరి పడుతుంది, కొలత అందదు. వంపు లేకుండా సాఫీగా పారే చోటు చూసుకోవాలి. నాచు మీద పూసిన పెయింటు మొదటి వానకే పొరలు పొరలుగా ఊడిపోతుంది. నాచు గీకి, వైర్‌బ్రష్ పట్టించి, రాయి పూర్తిగా ఆరాక ఎనామిల్ రెండు పూతలు వేస్తేనే ఒక సీజన్ నిలుస్తుంది.

గీత ఒక్క చోట ఉంటే చాలదు. స్నానాల మడుగుకు కిలోమీటరు ఎగువన ఇంకొకటి, దాని దగ్గర విజిల్‌తో ఒక మనిషి ఉండాలి. వరద నీరు సెకనుకు 2 మీటర్లు పరుగెత్తుతుందనుకుంటే కిలోమీటరు రావడానికి 8 నిమిషాల చిల్లర పడుతుంది. అంత వేగం లేకపోతే ఇంకాస్త ఎక్కువ. మన చేతిలో ఉండేది ఆ 8 నిమిషాలే. వాగు హోరులో విజిల్ కిలోమీటరు దూరం వినపడదు. కాబట్టి మధ్యలో ఇంకో ఇద్దరు అందుకుని ఊదాలి. ఫోన్ మీద ఆధారపడటం కుదరదు. ఘాట్ రోడ్డులో చాలా దూరం సిగ్నల్ ఉండదు, వాన పడితే ఉన్నది కూడా పోతుంది.

ఎగువన ఒక వాన కొలిచే పాత్ర కూడా పెట్టాలి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. కొండవాగుకు ఈ రోజువారీ లెక్క పనికిరాదు. అదే వాన రోజంతా సన్నగా కురిస్తే నేల తాగేస్తుంది, గంటన్నరలో కుమ్మరిస్తే వాగు పొంగుతుంది. అందుకని గంటగంటకూ చూడాలి. మొదటి ఏడాది గంటకు 20 మిల్లీమీటర్లు హద్దు అని పెట్టుకుని, వాన ఎంత పడితే వాగు ఎంత పెరిగిందో పుస్తకంలో రాసుకుంటూ పోతే రెండో ఏడాదికి ఆ వాగు లెక్క దానికే తేలుతుంది. జలతరంగిణి లెక్క అమృతధారకు పనికిరాదు. ఏ వాగు గుణం దానిది.

తాడు గురించి ఒక్క మాట. గట్టు మీద ఉంచే తాడు నీళ్లలో తేలే పాలీప్రొపిలీన్‌దై ఉండాలి. 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, 20 మీటర్ల పొడవు, సంచిలో వదులుగా కూరి ఉంచాలి. మామూలు నైలాన్ తాడు మునిగి రాళ్లకు చుట్టుకుంటుంది. విసిరేవాడు ఎప్పుడూ మడుగుకు దిగువన నిలబడాలి, కొట్టుకొచ్చే మనిషికి ఎదురుగా. ఆ తాడు తన నడుముకు మాత్రం కట్టుకోకూడదు. కట్టుకుంటే పోయేది ఇద్దరు. నెలకొకసారి సంచి విసిరి సాధన చేయకపోతే అసలు వేళకు అది ముడిపడి చేతికొస్తుంది.

పడవల విషయం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. ఆ తర్వాత కంట్రోల్ రూములు వచ్చాయి, వరద పెరిగితే పడవలు ఆపుతున్నారు, మంచిదే. అయితే భద్రాచలం దగ్గర 43 అడుగుల మొదటి హెచ్చరికను చూసి పడవ సంగతి ఆలోచించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 43, 48, 53 అడుగులు ఊళ్లను అప్రమత్తం చేయడానికి, ఖాళీ చేయించడానికి పెట్టిన అంకెలు. కొండల మధ్య నది ఇరుకైన చోట సుడులు అంతకన్నా చాలా ముందే లేస్తాయి. రేవు రేవుకూ పడవ ఆపే మట్టం వేరుగా ఉండాలి, అది టికెట్ కౌంటర్ మీదే పెద్దక్షరాల్లో రాసి ఉండాలి. అధికారి ఫోన్ కోసం ఆగే పరిస్థితి ఉండకూడదు.

లైఫ్‌జాకెట్లు ఉన్నాయా అని తనిఖీలో లెక్కపెడతారు. ఎలా ఉన్నాయని చూసేవాళ్లు తక్కువ. లోపలి లేబుల్ మీద తేల్చే బలం 100 న్యూటన్లు అని ఉంటే అది ఈత రానివాళ్లకు పనికొస్తుంది. 50 అని ఉంటే ఈత వచ్చినవాళ్లకు ఊతమిచ్చేదే. వేసుకున్నాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ చెవుల దాకా వస్తే అది ఆ మనిషికి పెద్దది. పిల్లలకు కాళ్ల మధ్య పట్టీ లేనిది ఇస్తే నీళ్లలో పడగానే జారిపోతుంది. జాకెట్ల మీద కూర్చోవడం వల్ల లోపలి ఫోమ్ అణిగిపోయి తేలే గుణం తగ్గుతుంది. ఎండలో ఆరేస్తే గుడ్డ, కుట్లు పుచ్చిపోతాయి, నీడలోనే ఆరేయాలి. సీజన్ ముందు ప్రతి పెద్దసైజు జాకెట్‌కూ 7.5 కిలోల ఇనుప గుండు కట్టి 24 గంటలు నీళ్లలో వదలండి. మునిగినవాటిని అక్కడే కత్తిరించి పారేయాలి. పక్కన పెడితే రద్దీ రోజున మళ్లీ బయటికొస్తాయి.

ఇప్పుడు కాలిబాటలు. ఏడాది పొడవునా జనాన్ని నిలిపేవి ఇవే, ఎవరికీ పట్టనివీ ఇవే. ఉన్న దారులు చాలావరకు గుట్ట మీంచి నిట్టనిలువుగా దిగినవి. రెండు వానాకాలాలు గడిస్తే అవి బాట కాదు, కాలువ. నీళ్లకు మనకన్నా తొందరెక్కువ, దగ్గరి దారి చూపిస్తే అదే పడుతుంది.

బాట వాలుకు పాత లెక్క ఒకటుంది. గుట్ట వాలు ఎంత ఉందో అందులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు, ఏ పరిస్థితిలోనూ పదింటికి ఒకటి దాటకూడదు. అంటే 10 మీటర్లు నడిస్తే మీటరు మాత్రమే ఎక్కాలి. దీన్ని కొలవడానికి మూడు బొంగులు, ఒక దారం, ఒక రాయి చాలు. రెండు బొంగులు పైన కలిపి కట్టి, కింద కాళ్ల మధ్య సరిగ్గా 2 మీటర్లు ఎడం ఉంచి, మధ్యలో అడ్డం బొంగు కట్టాలి. పైనుంచి దారానికి రాయి వేలాడదీయాలి. నేల మీద నిలబెట్టి దారం అడ్డబొంగును తాకిన చోట గుర్తు పెట్టి, కాళ్లు తారుమారు చేసి ఇంకో గుర్తు పెడితే, రెండింటి నడుమ ఉన్నదే సమమట్టం. ఆ సమమట్టం దొరికిన చోటే ఒక కాలు కింద 20 సెంటీమీటర్ల ఎత్తు పెట్టి దారం ఎక్కడ తాకిందో గీస్తే అది పదింటికి ఒకటి వాలు. ఇంక ఆ గుర్తు దాటకుండా గుట్ట చుట్టూ బాట గుర్తులు పెట్టుకుంటూ పోవచ్చు.

బాట వెడల్పు రెండున్నర అడుగులు చాలు. బాట అడ్డంగా లోయ వైపుకు మీటరుకు 5 సెంటీమీటర్లు వంగి ఉండాలి, అప్పుడు వాన నీరు బాట వెంట పారకుండా పక్కకు జారిపోతుంది. లోయ వైపు గట్టు పోసి ‘భద్రంగా’ ఉందనుకుంటారు కొందరు. ఆ గట్టే నీళ్లను బాటలో బంధించి కాలువ చేస్తుంది. నీళ్లు మళ్లించే అడ్డురాళ్లు కూడా బాటకు నిట్టడ్డంగా కాకుండా ఏటవాలుగా, 45 డిగ్రీల వంపులో పెట్టాలి. రాతిలో మూడింట రెండొంతులు భూమిలో ఉండాలి. నిట్టడ్డంగా పెడితే ఒండ్రు నిండి నీరు రాయి మీంచి దూకుతుంది, కింద గుంట పడుతుంది, మూడో వానకు రాయే దొర్లిపోతుంది. ఈ పని అక్టోబరులో నేల తడిగా ఉన్నప్పుడు చేయాలి. బడ్జెట్ మిగిలిందని మార్చిలో చేస్తే పొడి మట్టి గట్టిపడదు. ఎక్కడ తప్పు చేశామో తెలియాలంటే జులైలో గొడుగు వేసుకుని అరగంట ఆ బాట మీద నిలబడితే చాలు.

వానాకాలంలో వాగు దాటనవసరం లేని చుట్టుబాటలు, గంట, గంటన్నర నడకవి, రెండో మూడో ఉంటే చాలు. మబ్బు దిగిన అడవిలో నడవడానికే వచ్చేవాళ్లున్నారు. పది మందికి మించని గుంపు, ముందొక గైడు, వెనకొక గైడు. వెళ్లిన వేళ, వచ్చిన వేళ రిజిస్టరులో. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గూకుతుంది, చెట్ల కింద అంతకన్నా ముందే చీకటి. మూడున్నర తర్వాత ఎవరినీ బాట ఎక్కించకూడదు. పాపికొండ నేషనల్ పార్కు హద్దు లోపల 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి కావాలి. కొత్త బాటలు ఆ హద్దు బయటే వేసుకోవడం మేలు.

గుడిసె కొండ మీది గడ్డి మైదానం సంగతి చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే జీపులు బయల్దేరతాయి, సూర్యోదయానికి గడ్డి మైదానం మీద చక్రాలు. తడి నేల మీద ఒక్కసారి చక్రం గాడి పడితే అదే నీటి దారి, వచ్చే ఏటికి గండి. జూన్ నుంచి అక్టోబరు దాకా బండ్లు కిందనే ఆపి పైకి నడిపించాలి. నడిస్తే జనం రారని భయం. సగం మంది రాకపోయినా నష్టం లేదు. పిడుగుల విషయంలో ఆ మైదానమంత ప్రమాదం ఇంకెక్కడా లేదు, అక్కడ ఎత్తయినది మనిషే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేలోపు 30 దాకా లెక్కపెట్టలేకపోతే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉందన్నమాట, వెంటనే దిగి ఇనుప కప్పున్న జీపులో కూర్చోవాలి. చివరి ఉరుము వినపడ్డ అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ మంచిదే, సిగ్నల్ ఉంటే.

ఎండాకాలాన్ని అందరూ వదిలేస్తారు గానీ పిట్టలు చూసేవాళ్లకు అదే మంచి కాలం. ఆకు రాలి అడవి పలచబడుతుంది. పండిన జువ్వి చెట్టు ఒక్కటి దొరికితే ఊరంతా తిరగక్కర్లేదు. 30 మీటర్ల దూరంలో కదలకుండా గంట కూర్చుంటే హార్న్‌బిల్, కొండ గోరింక వాటంతటవే వస్తాయి. మలబార్ ట్రోగన్ కోసం మాత్రం వాగు నీడల్లో ఓపిక పట్టాలి. నడక ఉదయం అయిదున్నర నుంచి తొమ్మిది వరకే. మనిషికి 3 లీటర్ల నీళ్లు, లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన సీసా ఒకటి. ఫిబ్రవరి నుంచి వాన పడేదాకా అడవిలో ఎక్కడా మంట వేయకూడదు, రోడ్డు పక్క పొయ్యిలకు కూడా నీళ్ల డ్రమ్ము తప్పనిసరి. నీళ్లు చల్లిన బూడిదను చేత్తో తాకి చూస్తేనే ఆరినట్టు.

బొంగు చికెన్ దగ్గర ఒక చిక్కుంది, దాన్ని దాచిపెట్టి ఏడాది పొడవునా అనడం సరికాదు. దానికి పచ్చి బొంగే కావాలి, ఒక బొంగు ఒక్కసారికే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వెదురు పొదలో కొత్త కొమ్ములు లేచే కాలం, అప్పుడు నరికితే పొద ఎదగదు. పైగా ఆ కొమ్ములనే కూరకు సంతలో అమ్ముతారు. జనం వానాకాలం కూడా వస్తే కత్తి కూడా వానాకాలం ఆగదు. ఆ నాలుగు నెలలు మాంసాన్ని అడ్డాకు పొట్లంలో కట్టి నిప్పుల మీద వండి పెడితే సరిపోతుంది, రుచికేం తక్కువ కాదు. మిగతా నెలల్లో ఏడాది నిండని బొంగు ముట్టుకోకుండా, మొదలు దగ్గరి కణుపు పైన నరికితే పొద నిలుస్తుంది. ఏ పొద ఎవరు నరకాలో, రోజుకు ఎన్నో, గైడుకు వానాకాలంలో కూడా కూలి ఎక్కడి నుంచి ఇవ్వాలో గ్రామసభే తేల్చాలి. ఏజెన్సీలో గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం ఉన్నదే అందుకు. కాటేజీలు నడిపే వన సంరక్షణ సమితులు ఇక్కడ ముందే ఉన్నాయి, కొత్తగా కమిటీ వేయనక్కర్లేదు.

చివరగా, ఏ బ్రోచర్లోనూ రాయనిది: వానాకాలం వచ్చేవాళ్లకు మలేరియా సంగతి చెప్పాలి. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమతెర. టికెట్ వెనక రెండు ముక్కలు అచ్చు వేయాలి, ఇంటికెళ్లిన నెలలోపు జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండని. హైదరాబాద్‌లో ఆ మాట చెప్పకపోతే వైరల్ జ్వరమని రెండు మూడు రోజులు పోతాయి, ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియాకు ఆ రోజులే ఎక్కువ. పాము కాటుకు కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి రంపచోడవరం ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో అవుతాయని అనుకోవడం లేదు. అధికారులు ఒక్కటి మాత్రం ఈ మే నెలలోనే చేయాలి: జలతరంగిణి మడుగు దగ్గర, దానికి ఎగువన రాళ్లకు గీతలు. రెండు పూతల పెయింటు ఆరడానికి రెండు పూటల ఎండ కావాలి, జూన్ రెండో వారం దాటితే ఆ ఎండ దొరకదు.

ఇట్లు,
మారేడుమిల్లి అడవి బాటల్లో పనిచేసే కొందరు పాఠకులు